ముహూర్తం: వీలును బట్టి

నిడిగట్లపేట పురపాలక సంఘానికి ప్రజల మీద ప్రేమ మొదటినుంచీ జాస్తి. ఆ ప్రేమ ఏడాదికోసారి పొంగుతుంది. ఒక ఏడు దోమల మీదికి పొంగింది. దోమలు ఎక్కడివక్కడే ఉన్నాయి గాని, వాటికి కొట్టిన పొగకు జనమే ఊరొదిలి రెండు రోజులు చుట్టాలిళ్ళలో తలదాచుకున్నారు. ఇంకో ఏడు వీధి కుక్కలన్నిటికీ నంబర్లు వేశారు. నంబరు పెట్టి పిలిస్తే ఒక్కటీ పలకడం లేదని ఆరునెలల తరవాత ఆ ఫైలు మూసేశారు. ఈ ఏడు పెళ్ళిళ్ళ వంతు వచ్చింది.

కారణం లేకపోలేదు. మాఘమాసంలో పురపాలక కల్యాణ మండపంలో ఒక్క వారంలో ముగ్గురు ఆడపెళ్ళివారి పెద్దలు కళ్ళు తిరిగి పడిపోయారు. ఒకాయన పాలు విరిగాయని పడ్డాడు. ఒకాయన విడిదింట్లో నీళ్ళు రావడం లేదని వియ్యంకుడు కేకేస్తే పడ్డాడు. మూడో ఆయనకు కారణమంటూ ఏమీ లేదు. మూడు రోజులు నిలువుకాళ్ళ మీద తిరిగాక మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. పేపర్లో ఫోటోలు పడ్డాయి. పురపాలక సంఘం గుండె తరుక్కుపోయింది. వెంటనే అయిదుగురితో ఒక అధ్యయన సంఘం వేశారు. వాళ్ళు పదకొండు పెళ్ళిళ్ళకు వెళ్ళి, పదకొండు చోట్లా భోంచేసి, నూట నలభై పేజీల నివేదిక ఇచ్చారు. దాని సారం ఏమిటంటే, పెళ్ళిలో మనిషిని పడగొడుతున్నది పని కాదు, వేళ. ఫలానా వేళకు ఫలానాది జరిగి తీరాలన్న పట్టుదలే సకల ఆందోళనలకూ మూలం. వేళ తీసేస్తే పెళ్ళి హాయిగా ఉంటుంది.

ఇంకేముంది, 'నెమ్మది వివాహ నిబంధనలు' అమల్లోకి వచ్చేశాయి. పెళ్ళి చేసేవాళ్ళు నలభై అయిదు రోజుల ముందు ఆ రోజు కార్యక్రమం రాసి దాఖలు చేసుకోవాలి. అందులో ఎక్కడా గడియారపు అంకె కనబడకూడదు. ముఖ్యమైన ప్రతి తతంగం తరవాతా అరగంట 'సేదతీరు విరామం' ఉండాలి. ఆ అరగంటా మేళం మోగకూడదు, మనిషి కదలకూడదు, కళ్ళు మూసుకోవాలి. అంతా సవ్యంగా జరిగితే చివర 'ప్రశాంతతా ధ్రువపత్రం' ఇస్తారు. అది లేని పెళ్ళి రిజిస్టరు కాదు. పక్క ఊరికి పోయి చేసుకుందామా అంటే, ఈ ఊరి పిల్ల ఎక్కడ పీటల మీద కూర్చున్నా నిబంధన వెంట వస్తుందని చివరి పేజీలో రాసి ఉంది.

సరిగ్గా ఈ సమయంలోనే బులిరాజుగారికి మేనకోడలి పెళ్ళి కుదిరింది. కుదరడం కాదు, మూడోసారి నిలదొక్కుకుంది.

బులిరాజుగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. బస్సు రెండు నిమిషాలు ముందు కదిలినా రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలినా ఆయనకు ఆ పూట అన్నం సయించేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు వరహాలమ్మ భర్త పోయేనాటికి వాళ్ళ పిల్ల హిమజకు నాలుగేళ్ళు. బావ పోతూ పోతూ మాట అడిగిందీ లేదు, ఈయన ఇచ్చిందీ లేదు. పిల్లను చంకనేసుకుని, చెల్లెల్ని వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు, అంతే. ఇప్పుడా పిల్ల బళ్ళో లెక్కలు చెబుతోంది. ఆ పిల్లంటే ఆయనకు పంచప్రాణాలు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఒక్క ఆయనే బయటికి అనడు.

పెళ్ళికొడుకు చక్రధర్ బంగారం లాంటి కుర్రాడు. హిమజ అంటే ఇష్టం. కాని వాళ్ళింట్లో నాయనమ్మ గవరమ్మగారు గీసిన గీత ఎవరూ దాటరు. మొదటి ముహూర్తం వాళ్ళ తాతగారు పోవడంతో మైల వచ్చి తప్పిపోయింది. రెండోది తుఫానులో పోయింది, మండపంలో నడుం లోతు నీళ్ళు. అప్పుడు గవరమ్మగారు తేల్చి చెప్పేసింది.

"రెండు జారాయి నాయనా. మూడోది కూడా జారిందంటే, ఆ పిల్ల మా ఇంటికి రాసిపెట్టి లేదనుకుంటాం. మీరూ వేరే సంబంధం చూసుకోండి, మేమూ చూసుకుంటాం."

మూడో ముహూర్తం వైశాఖంలో గురువారం, ఉదయం పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు. అది దాటితే మూడు నెలలు మూఢం. కాబట్టి బులిరాజుగారికి ఈ భూమ్మీద మిగిలినదల్లా ఆ పదకొండూ ఎనిమిది ఒక్కటే.

*

పురపాలక సంఘం మేడ మీద, 'వివాహ ప్రశాంతతా పర్యవేక్షణ విభాగం' అని కొత్త బోర్డు. కింద ఇంకో బోర్డు: 'ఆత్రపడు వారి దరఖాస్తులు తిరస్కరించబడును.' నాలుగు రోజులు ఆత్రపడకుండా కూర్చున్నాక అయిదో రోజు బులిరాజుగారికి లోపలికి పిలుపు వచ్చింది.

ప్రత్యేక ప్రశాంతతాధికారి విశ్వంభరంగారు సన్నగా, నిద్రపోయి ఎన్నాళ్ళో అయిన మనిషిలా ఉన్నారు. కళ్ళ కింద నల్లటి చారలు. దరఖాస్తు చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టారు.

"నాలుగూ పదికి కాఫీ. నాలుగూ ముప్ఫై అయిదుకి మంగళస్నానం. అయిదూ ఇరవైకి జడ అల్లిక ప్రారంభం. అయిదూ యాభై రెండుకి జడ పూర్తి..." తలెత్తారు. "ఈ రెండేమిటండీ? యాభై రెండు?"

"మా పిల్లకి జుట్టెక్కువండి. యాభైకి అవ్వదు."

విశ్వంభరంగారు కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి, వదిలి, మళ్ళీ కళ్ళు తెరిచారు. ఆయన ఇందులో శిక్షణ పొందినవారు.

"బులిరాజుగారూ, మీరు ప్రతిపాదించినది వివాహము కాదు, వాహనముల రాకపోకల పట్టిక. ఇందులో ముప్ఫై ఆరు చోట్ల కాలనిర్దేశము కానవచ్చుచున్నది. నాల్గవ నిబంధన ననుసరించి వీటిని ముప్ఫై ఆరు ఆందోళనా కేంద్రములుగా పరిగణించవలసి ఉంటుంది."

"ముప్ఫై అయిదు కొట్టేయండి బాబూ. జడ కూడా కొట్టేయండి. ఒక్కటి మాత్రం ఉంచండి. పదకొండూ ఎనిమిది. అది ముహూర్తమండి."

"అదే అసలు ముద్దాయి." విశ్వంభరంగారు ఎర్ర సిరా పెన్ను మూత తీశారు. "తక్కినవన్నీ దానికి అనుచరులు. పెళ్ళిలో మూడు వందల మంది ఆ ఒక్క నిమిషము కొరకే పరుగులు తీయుచున్నారని మా అధ్యయనంలో నిర్ద్వంద్వంగా తేలినది. ముహూర్తము లేనిచో పరుగు లేదు."

"ముహూర్తం లేకపోతే పెళ్ళే లేదండీ!"

"ముహూర్తము ఉండవచ్చును. మాకు అభ్యంతరము లేదు. ఫలానా అప్పుడే ఉండవలెనను పంతము ఉండరాదు." ఆయన పదకొండూ ఎనిమిదిని అడ్డంగా కొట్టేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో రాశారు: 'సుముహూర్తం: వీలును బట్టి.'

బులిరాజుగారు ఆ అక్షరాలను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. ఆ మౌనాన్ని అంగీకారం కింద తీసుకుని అధికారిగారు మిగతావి సవరించుకుంటూ పోయారు. గట్టిమేళంలో గట్టితనం పనికిరాదన్నారు. తలంబ్రాల దగ్గర వధూవరులు పోటీ పడుతున్నారని, ఆ పోటీ దాంపత్యంలో దీర్ఘకాలిక ఒత్తిడికి దారితీస్తుందని, వంతుల వారీగా ఒకరు పోసి మరొకరు ధన్యవాదాలు చెప్పుకోవాలని రాశారు. మగపెళ్ళివారు అలిగేదుంటే వారం ముందు తెలియజేయాలి. ఎవరు, దేని గురించి, ఎంతసేపు. అప్పగింతలకు కంటతడి పెట్టుకోవచ్చు, శబ్దం రాకూడదు. ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట బులిరాజుగారికి కూడా నచ్చింది. భోజనాల దగ్గర తినేవాళ్ళ కుర్చీ వెనక నిలబడి ఎప్పుడు లేస్తారా అని మెడ మీద ఊపిరి వదలడం నిషేధం. నిజం చెప్పాలంటే ఆ ఒక్క ముక్క రాసి ఊరుకుంటే పురపాలక సంఘానికి ఊరంతా దండం పెట్టేది.

"వధువును గంపలో మోసుకొచ్చు మేనమామ ఎవరు?"

"నేనేనండి."

"వయస్సు?"

"అరవై రెండు."

"అయితే గంప దించిన తక్షణమే సేదతీరు విరామము. మోసిన వ్యక్తికీ, మోయబడిన వ్యక్తికీ, చూచిన వారికీ."

బులిరాజుగారు వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. గౌరీపూజ, దాని తరవాత విరామం, ఫలహారాలు, గంప, మళ్ళీ విరామం. ఎంత నెట్టుకొచ్చినా గంప దిగేసరికి పదకొండు కొడుతుంది. అరగంట విరామం అంటే పదకొండున్నర. పదకొండూ ఎనిమిది దాని కడుపులో పడి నలిగిపోతుంది.

"ఆ విరామమేదో గంప ఎత్తకముందే ఇచ్చేయండి బాబూ. మీకు పుణ్యముంటుంది."

"అలసట రాకముందు తీసుకొనునది విశ్రాంతి అనిపించుకోదు. అది సోమరితనము. దానిని ప్రోత్సహించు అధికారము మాకు లేదు."

కాగితం మీద ముద్ర పడింది.

*

తరవాత శిక్షణ. పెళ్ళివారి ఇంటిల్లిపాదీ మూడు రోజులు పొద్దున్న ఆరింటికల్లా పురపాలక పాఠశాలకు వచ్చి నెమ్మదిగా ఊపిరి పీల్చడం నేర్చుకోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైనా మళ్ళీ మొదటి రోజు నుంచి. అందుకని పెళ్ళి వారం రోజులుందనగా, ఇంటి నిండా చుట్టాలుండగా, వరహాలమ్మ మూడు పూటలూ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. మూడో రోజు గేటు దగ్గర జారిపడి మోకాలు కొట్టుకుంది.

"ఈళ్ళ మొహాలు మండా! నెమ్మదిగా ఊపిరి పీల్చడానికి నా ఊపిరి తీసేత్తన్నారు అన్నయ్యా," అంది మోకాలికి పసుపు అద్దుకుంటూ. "ఇరవయ్యేళ్ళు కూలీ మనిషిలా కుట్టుమిషను తొక్కాను. ఎప్పుడూ ఇంత అలసిపోలేదు. అయినా నాకీ అలసట మీద కోపం లేదు. ఆ ముహూర్తం తప్పితే... ఆ గవరమ్మగారు అన్నంత పనీ చేత్తుంది. పిల్ల మొహం చూడలేనన్నయ్యా."

బులిరాజుగారు పసుపు గిన్నె ఆమె దగ్గరికి జరిపాడు. ఆయనకూ భయం వేసింది. పిల్లకు మొదటిసారి బళ్ళో వేసిన రోజు వేసినంత భయం.

పురోహితులు అవధానులుగారు వచ్చి తన గోడు వెళ్ళబోసుకున్నారు. ఆయనకు కొత్తగా లైసెన్సు ఇచ్చారు. విరామంలో నోరు విప్పి మంత్రం చదివితే అది రద్దవుతుంది. రద్దయితే ఈ ఊళ్ళో ఇక సత్యనారాయణ వ్రతం కూడా చేయించడానికి లేదు.

"పైగా మండపంలోకి ఎవరూ వాచీ పెట్టుకుని రాకూడదట. సెల్ ఫోన్లు కూడా తీసేసుకుంటారట. గోడ గడియారానికి గుడ్డ కట్టేశారు. వేళే తెలియకపోతే నేనేం చెయ్యనయ్యా?"

గుమ్మం పక్కన కూర్చుని గోరింటాకు ఆరబెట్టుకుంటున్న హిమజ తలెత్తింది.

"నా గాజుల కింద అమ్మ వాచీ పెట్టుకుంటాను మావయ్యా. మోచేతి దాకా గాజులే కదా. పెళ్ళికూతురి గాజులు తీయించే ధైర్యం ఎవరికుంటుంది?"

బులిరాజుగారికి ఆ పిల్లను చూస్తే గర్వమూ వచ్చింది, గుండె చెరువూ అయింది. తన పెళ్ళి వేళ తనే కనిపెట్టుకోవలసిన పెళ్ళికూతురు ఎక్కడైనా ఉంటుందా?

*

గురువారం వచ్చింది. విశ్వంభరంగారు నలుగురు సహాయకులతో దిగారు. నీలం చొక్కాలు, మెడలో ఈలలు. మూఢం ముందు ఆఖరి ముహూర్తాలు కావడంతో రెండు రోజుల్లో వాళ్ళకిది అయిదో పెళ్ళి. జనం చేత విశ్రాంతి తీయించీ తీయించీ ఆ అయిదుగురి మొహాలూ పీక్కుపోయి ఉన్నాయి. అయినా డ్యూటీ డ్యూటీయే. గుమ్మం దగ్గర బేసిన్లు పెట్టి వాచీలూ ఫోన్లూ వేయించుకున్నారు. హిమజ చేతుల వైపు ఒక సహాయకుడు చూసి, గాజులు చూసి, దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

గౌరీపూజ అవగానే మొదటి ఈల పడింది. ఆ ఈలకు ఒక ముసలాయన చేతిలో కాఫీ గ్లాసు జారిపోయింది, చంటిపిల్లలు ముగ్గురు ఒక్కసారిగా గుక్కపట్టారు. "శాంతి! శాంతి!" అని సహాయకులు కేకలేశారు. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పెళ్ళికొడుకు బాబాయి పంచె కుచ్చిళ్ళు పోసుకుంటూ సగంలో ఆగి, అరగంట అలాగే పట్టుకు నిలబడ్డాడు. వంటశాలలో బూరెలు నూనెలో ఉండగా వంట మేస్త్రి కళ్ళు మూసుకోవలసొచ్చింది. ఆ వాయి నల్లగా మాడిపోయింది. విశ్వంభరంగారు మాత్రం కళ్ళు తెరుచుకునే వరసల మధ్య తిరుగుతూ, ఎవరి రెప్ప కదిలిందా అని చూశారు.

ఫలహారాల వేళ వరహాలమ్మ వాళ్ళను చూసింది. ఒక మూల గోడకు జేరబడి అయిదుగురూ నీళ్ళు తాగుతున్నారు.

"పాపం, తిన్నారో లేదో అన్నయ్యా. ఎవరింటి బిడ్డలో," అని తనే విస్తళ్ళు వేయించింది. పెసరట్టు, అందులో ఉప్మా, మీద అల్లప్పచ్చడి. వద్దంటున్నా మళ్ళీ ఒకటి. మళ్ళీ వద్దంటున్నా ఇంకొకటి. ఆ తరవాత చిక్కటి మజ్జిగ, గ్లాసులు కాదు, చెంబులు. ఆమె ఏమీ మనసులో పెట్టుకుని చేసింది కాదు. పెళ్ళింట్లో మనిషి ఖాళీ కడుపుతో నిలబడితే చూడలేని మనిషి, అంతే.

తరవాత గంప. బులిరాజుగారు ఒక పక్క, ఆయన పినతండ్రి కొడుకు ఇంకో పక్క పట్టుకుని ఎత్తారు. ముందు ఒక సహాయకుడు చెయ్యెత్తి, "నెమ్మది... ఇంకా నెమ్మది..." అంటూ వెనక్కి నడుస్తున్నాడు. గంపలో కూర్చున్న హిమజ చేతిలో కొబ్బరిబోండం మీదికి తల వంచి, పెదాలు కదపకుండా అంది.

"పద్నాలుగు నిమిషాలు మావయ్యా."

"కంగారుపడకమ్మా," అన్నాడాయన. ఆయన చొక్కా అప్పటికే తడిసిపోయింది.

"పన్నెండు."

పీట పక్కన గంప దించారో లేదో, రెండో ఈల కూసింది. మండపం మూగపోయింది. అడ్డుతెర అవతల చక్రధర్, ఇవతల హిమజ. అవధానులుగారి చేతిలో జీలకర్రా బెల్లం ముద్ద. ఆయన దాన్ని చూసుకుంటూ కళ్ళు మూసుకున్నారు, రెప్పల కింద నీళ్ళు తిరిగాయి. ముందు వరసలో గవరమ్మగారు ఒక కన్ను మూసి, ఒక కన్నుతో బులిరాజుగారినే చూస్తోంది.

"పది," అంది హిమజ.

బులిరాజుగారు పిల్ల వైపు చూశాడు. ఇరవై నాలుగేళ్ళు పెంచాను, ఒక్క నిమిషం దక్కించలేకపోతున్నానే అనుకున్నాడు. గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే ధ్రువపత్రం పోతుంది, అరవకపోతే పెళ్ళి పోతుంది. అటూ ఇటూ చూస్తే స్తంభానికి కట్టిన నిబంధనల బ్యానరు కనిపించింది. ముప్ఫై ఏళ్ళు రూలు బుక్కుతో కాపురం చేసిన మనిషి కదా, కళ్ళు వాటంతటవే దాని మీద పడ్డాయి. చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఏవండీ," అన్నాడు గొంతు తగ్గించి. "'విరామ సమయమున మండపములోని సమస్త వ్యక్తులు నిశ్చలులై కన్నులు మూసికొనవలెను' అని ఉందండి. సమస్త అంటే మీరు కూడానాండీ?"

విశ్వంభరంగారు బ్యానరు వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. ఆయన రూలుకు ప్రాణమిచ్చే మనిషి, అందులో సందేహం లేదు. ఆ మాట తను గమనించలేదే అన్న బాధ ఆయన మొహంలో స్పష్టంగా కనబడింది.

"సమస్త అనగా సమస్తమే," అన్నారు చివరికి. "ఇంతవరకు ఈ విషయము మా దృష్టికి తేబడలేదు. మీ సూచనకు ధన్యవాదములు. నిబంధన అధికారికి సైతము వర్తించును." సహాయకులకు సైగ చేసి, తను పోయి పెళ్ళివారి సోఫాలో మర్యాదగా కూర్చున్నారు. పైన ఫ్యాను గాలి చల్లగా వీస్తోంది. కళ్ళు మూసుకున్నారు.

మూడు పెసరట్లు, అందులో ఉప్మా, రెండు చెంబుల మజ్జిగ, రెండు రోజుల జాగారం. ఒక సహాయకుడి తల పక్కవాడి భుజం మీద వాలింది. పక్కవాడి నోరు తెరుచుకుంది. నిమిషం తిరిగేసరికి నలుగురూ గుర్రు. విశ్వంభరంగారు అందరికంటే ఆఖర్న, ఈల పెదాల మధ్య ఉండగానే నిద్రలోకి జారిపోయారు. ఆయన ఊపిరి వదిలినప్పుడల్లా ఆ ఈల 'కుయ్' మని సన్నగా పలుకుతోంది.

"ఆరు," అంది హిమజ.

బులిరాజుగారు మోకాళ్ళ మీద పాకుతూ అవధానులుగారి చెవి దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, కానిచ్చేయండి."

"నోరు విప్పితే లైసెన్సు పోతుందయ్యా బులిరాజూ."

"విప్పకండి. పెదాలు కదపండి చాలు. దేవుడికి చెవులు బాగానే వినిపిస్తాయి."

గవరమ్మగారు రెండో కన్ను కూడా తెరిచింది. "ఏం నాయనా, ఇది కూడా జారిపోయినట్టేనా?"

"లేదండమ్మా. కళ్ళు మూసుకోండి. చెయ్యి మాత్రం చాపండి." ఆమె అరచేతిలో గుప్పెడు అక్షింతలు పోశాడు. పళ్ళెం పక్కామెకు అందించాడు. ఆమె తన పక్కవాళ్ళకు. కళ్ళు మూసుకున్న మూడు వందల మంది మధ్య అక్షింతల పళ్ళెం చేతి నుంచి చేతికి, వరస నుంచి వరసకు, ఒక్క గింజ కింద పడకుండా తిరిగింది. ఆ ఊళ్ళో ఒక వస్తువు అంత క్రమంగా, తోపులాట లేకుండా జనంలోంచి నడవడం అదే మొదలు.

అవధానులుగారి పెదాలు కదులుతున్నాయి. తెర అటుపక్క ఒకరు, ఇటుపక్క ఒకరు దాన్ని పట్టుకుని పిల్ల నోటి వైపే చూస్తున్నారు.

"రెండు," అంది హిమజ. "ఒకటి."

సోఫాలోంచి 'కుయ్' మంది.

"ఇప్పుడు మావయ్యా."

తెర కిందికి దిగింది. చక్రధర్ చెయ్యి హిమజ తల మీద, హిమజ చెయ్యి చక్రధర్ తల మీద. జీలకర్రా బెల్లం. డోలు ఆయన రెండు వేళ్ళతో, పాపాయిని జోకొట్టినట్టు డోలును తట్టాడు. సన్నాయి ఆయన ఊదలేదు, పీకను పెదాలకు ఆనించి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఎన్ని వేల పెళ్ళిళ్ళలో వాయించి ఉంటాడో, ఆ క్షణంలో వధూవరుల మొహాలు అంత ప్రశాంతంగా ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. చూడ్డానికి తీరికెక్కడిది? వరహాలమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బులిరాజుగారు ఏడవలేదు, నవ్వలేదు. నా తల్లే, నా తల్లే అని లోలోపల అనుకుంటూ అలా నిలబడిపోయాడు. ఆ మాట ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఇప్పుడు పైకే అనేశాడు.

మూడు వందల చేతులు లేచాయి. అక్షింతలు కురిశాయి. గవరమ్మగారు విసిరిన గుప్పెడు గురి తప్పి సోఫా మీద పడింది.

విశ్వంభరంగారు ఉలిక్కిపడి లేచారు. నుదుటి మీద, మీసాల మీద, ఈల మీద పసుపు బియ్యం. చూశారు. పీటల మీద ఒకరి తల మీద ఒకరు చేతులు పెట్టుకుని పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ. మండపమంతా ఆయన్నే చూస్తోంది. చెయ్యి ఈల మీదికి వెళ్ళింది.

"ఏమిటిది?" అన్నారు.

"పెళ్ళండి," అన్నాడు బులిరాజుగారు.

"విరామ సమయములోనా?"

"విరామంగానే చేసుకున్నామండి. ఎవరూ పరుగెత్తలేదు. ఎవరూ కేకెయ్యలేదు. ఎవరూ కళ్ళు తిరిగి పడలేదు. మీరే చూశారు కదండీ?"

చూశారు కదా అన్న మాట దగ్గర విశ్వంభరంగారు ఆగిపోయారు. నలుగురు సహాయకులు ఇంకా గుర్రు పెడుతున్నారు. ఆయన నెమ్మదిగా రిజిస్టరు తెరిచారు. 'విరామములో గమనించబడిన కార్యకలాపములు' అన్న గడి. పెళ్ళి అని రాస్తే, అది జరుగుతుంటే తమరేం చేస్తున్నారని పైవాళ్ళు అడుగుతారు. పెన్ను కాసేపు గాల్లో ఆడింది. చివరికి ఆయన రాశారు: 'శూన్యము. వధూవరులతో సహా సమస్త వ్యక్తులు సంపూర్ణ నిశ్చలతలో ఉండిరి.' సంతకం పెట్టారు. మిగతా తతంగం అయ్యేదాకా ఆగకుండానే ప్రశాంతతా ధ్రువపత్రం మీద ముద్ర వేశారు. ఆ విధంగా, ఆ రోజు ఆ మండపంలో అసలేమీ జరగనందువల్ల హిమజ పెళ్ళి చట్టబద్ధమైంది.

ధ్రువపత్రం చేతికిచ్చి కూడా ఆయన వెళ్ళలేదు. బులిరాజుగారిని స్తంభం పక్కకు తీసుకెళ్ళారు. మీసాల మీది బియ్యం గింజ తీసి కాసేపు వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడ్డారు.

"మా పెద్దమ్మాయి పెళ్ళండి," అన్నారు. ఈసారి ఆ గొంతులో ఆఫీసు లేదు. "మూఢం వెళ్ళిన మర్నాడు, ఈ మండపంలోనే. దరఖాస్తు మా విభాగంలోనే పెట్టాను. నా చేత్తో నేనే కొట్టేసి, వీలును బట్టి అని రాసుకున్నాను. ఆ రోజునుంచీ ఇంట్లో నాతో మాటల్లేవు. మీరు మా వాళ్ళ చేత... మీ చెల్లెమ్మగారు ఆ ఫలహారాలు... కాస్త వచ్చి దగ్గరుండి చేయించగలరా?"

బులిరాజుగారికి నవ్వు రాలేదు. జాలేసింది. ఆడపిల్ల తండ్రి ఎక్కడైనా ఆడపిల్ల తండ్రే.

"దానికేం భాగ్యమండీ, తప్పకుండా వస్తాం. ముహూర్తం ఎన్నింటికి?"

విశ్వంభరంగారు ఇటు చూశారు, అటు చూశారు. సహాయకులు ఇంకా లేవలేదని చూసుకుని, బులిరాజుగారి చెవి దగ్గరికి వంగారు.

"తొమ్మిదీ పదిహేడుకండి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వనందండి."